‘నేను నాలా లేను’: ఒక డీపర్సనలైజేషన్ కేసు, పదహారు సెషన్లు

రఘు అని పిలుద్దాం. వయసు 21. కోస్తాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, మూడో ఏడు, హాస్టల్. పేరు, ఊరు, చదువు వివరాలు మార్చాం. ఒకే తీరుగా నడిచిన రెండు మూడు కేసుల సంగతులు ఇందులో కలిపాం. కాబట్టి కింది స్కోర్లను ఒక మనిషి రికార్డుగా చూడకండి. ఇలాంటి కేసులో అంకెలు ఎలా కదులుతాయో చూపే నమూనాగా చదవండి.

మా దగ్గరికి వచ్చేసరికి సమస్య, అంటే తన నుంచి తాను విడిపోయినట్టు ఉండే డీపర్సనలైజేషన్, మొదలై 14 నెలలైంది. కుర్చీలో కూర్చోగానే అడిగిన మాట: "మేడమ్, నాకు పిచ్చి ఎక్కుతోందా? దాచకుండా చెప్పండి." ఆ తర్వాత చెప్పిన మాట ఇంకా ముఖ్యం: "ఇక్కడే కూర్చుని మాట్లాడుతున్నా. కానీ ఎవరో మాట్లాడుతుంటే వెనక నుంచి వింటున్నట్టు ఉంది."

తల్లి ఫిర్యాదు వేరు. "మావాడు రాయిలా అయిపోయాడమ్మా. పెంచిన అమ్మమ్మ పోతే ఒక్క చుక్క కన్నీరు రాలేదు."

మొదలైన తీరు

రెండో ఏడులో సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి, స్నేహితుడి గదిలో గంజాయి సిగరెట్ తాగాడు. జీవితంలో అది రెండోసారి. ఇరవై నిమిషాల్లో గుండె దడ మొదలైంది. నిమిషం గంటలా సాగుతున్నట్టు, తన గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు అనిపించింది. చచ్చిపోతున్నానని అరిచాడు. మిత్రులు మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. మరుసటి రోజు మత్తుగా గడిచింది. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ అద్దంలోకి చూస్తే ముఖం కొత్తగా కనిపించింది. "ఎవడు వీడు అన్నట్టు చూశా. అక్కడ పట్టుకుంది, ఇంక వదల్లేదు."

ఇక్కడ గమనించాల్సింది ఆ మూడో రోజు. మత్తు దిగాక వచ్చింది కాబట్టి ఇది గంజాయి మత్తు చేస్తున్న పని కాదు. గంజాయి, ఆ రాత్రి భయం కలిసి తలుపు తెరిచాయి. ఆ తలుపు 14 నెలలు తెరిచే ఎందుకుందన్నదే చికిత్సలో అసలు ప్రశ్న. ఆ సిగరెట్ తర్వాత రఘు మళ్లీ ముట్టుకోలేదు. మూత్ర పరీక్షలోనూ ఏమీ దొరకలేదు.

మధ్యలో తిరిగిన దారి చాలామంది తిరిగేదే. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ, తర్వాత ఫిజీషియన్. ఈసీజీ, థైరాయిడ్, షుగర్, బీ12 అన్నీ మామూలే. "అంతా బొమ్మ గీసినట్టు చదునుగా కనిపిస్తోంది" అన్నందుకు కళ్ల డాక్టరు 0.25 పవరుతో అద్దాలిచ్చారు. ఎంఆర్‌ఐ మామూలే. మేనమామ తాయెత్తు కట్టించాడు. ఆ తర్వాత ఒక చోట ‘స్కిజోఫ్రీనియా మొదలవుతోంది’ అని రిస్పెరిడోన్ అనే మందు 2 మి.గ్రా. పెట్టారు. నాలుగు నెలలు వాడాడు. లక్షణం తగ్గకపోగా మొద్దుదనం పెరిగింది.

‘అన్నట్టు’ ఎక్కడ పోయింది

పాత కేస్ షీట్ తెరిస్తే తప్పు ఎక్కడ జరిగిందో కనిపించింది. రఘు తెలుగులో చెప్పింది: "లోకం నిజం కానట్టు అనిపిస్తోంది." షీట్‌లో ఇంగ్లీషులోకి దిగింది: లోకం నిజం కాదని నమ్ముతున్నాడు. ‘నట్టు’ పోయింది, ‘అనిపిస్తోంది’ పోయింది. రెండు ముక్కలు రాలిపోయేసరికి అనుభూతి కాస్తా భ్రాంతి అయిపోయింది.

ఈ జబ్బును సైకోసిస్ (వాస్తవం మీద పట్టు తప్పే జబ్బు) నుంచి వేరు చేసేది సరిగ్గా ఆ ప్రత్యయమే. అందుకే మా దగ్గర ఇలాంటి వాళ్ల మాటలను కేస్ షీట్‌లో తెలుగులోనే, ఉన్నదున్నట్టు రాస్తాం. మొదటి సెషన్‌లో అడిగినవి ఇలా ఉన్నాయి:

"అద్దంలో కనిపించేది ఎవరు?"

"నేనే."

"మరి తేడా ఏంటి?"

"నేనే అని తెలుసు మేడమ్. తెలియడం వేరు, అనిపించడం వేరు."

"అమ్మ స్థానంలో ఇంకెవరో వచ్చి కూర్చున్నారనిపించిందా?"

"లేదు. అమ్మే. అమ్మని చూస్తే రావాల్సింది రావట్లేదు, అంతే."

"నీ చేతిని ఎవరైనా బయట నుంచి కదిలిస్తున్నారా?"

"లేదు. నేనే కదిలిస్తున్నా. కీ ఇచ్చిన బొమ్మ కదిలినట్టు ఉంటుంది."

అన్ని జవాబుల్లోనూ వాస్తవం మీద పట్టు తప్పలేదు. ‘అమ్మ కాదు, అమ్మలా వేషం వేసుకున్న మనిషి’ అని ఉంటే, లేదా ‘నేను చచ్చిపోయాను’ అని ‘ట్టు’ లేకుండా చెప్పి ఉంటే, దారి వేరేగా ఉండేది.

ఒక్క జాగ్రత్త. ‘నీకు లోకం నిజం కాదనిపిస్తుందా?’ అని మనమే ముందు అడగకూడదు. అలా అడిగితే భయపడిన వాళ్లు దేనికైనా అవుననేస్తారు. ‘ఎలా ఉందో నీ మాటల్లో చెప్పు, పోలికలు వాడినా పర్వాలేదు’ అంటే చాలు. గాజు వెనక, నీళ్ల అడుగున, కలలో, వీడియో గేమ్‌లో, పొగమంచులో అంటూ పోలికలు వాటంతటవే వస్తాయి. ఉన్న మాటల్లో ఇమడని అనుభవం కాబట్టే పోలిక లేకుండా చెప్పలేరు.

పేరు, కొలత, తోసిపుచ్చినవి

తన నుంచి తాను విడిపోయినట్టు ఉండటం డీపర్సనలైజేషన్. చుట్టూ ఉన్నది నిజం కానట్టు ఉండటం డీరియలైజేషన్. మొదటి మాటను 1898లో ఫ్రాన్స్‌లో లూడొవిక్ డ్యూగా వైద్యంలోకి తెచ్చారు. జబ్బుల వర్గీకరణకు డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5, ఐసీడీ-11 రెండూ ఈ రెండింటినీ ఒకే రుగ్మత కింద చూస్తాయి. నిద్ర లేనప్పుడో, ప్రమాదం తప్పిన క్షణంలోనో ఇది కాసేపు రావడం చాలామందికి మామూలే. వదలకుండా ఉండిపోయి జీవితాన్ని అడ్డుకునేది సుమారు నూటికి ఒకరిద్దరిలో. సగటున 16 ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. పాతికేళ్లు దాటాక మొదలవడం అరుదు. అందుకే నలభై దాటినవారిలో కొత్తగా కనిపిస్తే ముందు న్యూరాలజిస్టుకే చూపించాలి.

రఘుకు నిద్ర తగ్గించి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించాం. ఎందుకంటే మెదడు పక్క భాగంలో పుట్టే టెంపొరల్ లోబ్ మూర్ఛలోనూ ఇలాంటి అనుభూతే వస్తుంది. కానీ అక్కడ అది అర నిమిషం నుంచి రెండు నిమిషాలుండి పోతుంది, ప్రతిసారీ అచ్చు ఒకేలా ఉంటుంది. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు ఉండటం, పెదాలు చప్పరించడం, తర్వాత కాసేపు గుర్తులేకపోవడం తోడుంటాయి. రఘుది రోజంతా సాగేది. ఈఈజీ మామూలే. ఎంఆర్‌ఐ మళ్లీ తీయించమని తండ్రి పట్టుబట్టాడు. మేం ఒప్పుకోలేదు. రెండోది తీస్తే మూడోదాని మీద ఆశ పుడుతుంది తప్ప కొత్తగా తెలిసేదేమీ లేదు.

పానిక్ దాడులు మొదటి మూడు నెలల్లో వచ్చాయి, తర్వాత అరుదయ్యాయి. డీపర్సనలైజేషన్ మాత్రం దాడుల మధ్యలోనూ ఆగలేదు. కాబట్టి పానిక్ ఒక్కటే అనలేం. డిప్రెషన్ ఉంది కానీ తర్వాత వచ్చింది. చిన్నప్పటి హింస, లైంగిక వేధింపుల గురించి తల్లిని బయటికి పంపి విడిగా అడిగాం. లేవన్నాడు. చనిపోవాలన్న ఆలోచన గురించీ సూటిగానే అడిగాం. "ఇలా బతకడం కంటే అనిపించింది, ఏమీ చేసుకోలేదు, చేసుకోను" అన్నాడు. ఆ రోజే తల్లిదండ్రులతో మాట్లాడి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ముగ్గురి ఫోన్లలో సేవ్ చేయించాం.

కొలతకు కేంబ్రిడ్జ్ డీపర్సనలైజేషన్ స్కేల్ వాడాం. 29 అంశాలుంటాయి. ఒక్కోదానికి ఎంత తరచుగా అన్నదానికి 0 నుంచి 4, ఎంతసేపు అన్నదానికి 1 నుంచి 6 వేస్తారు. మొత్తం 290. 70 దాటితే రుగ్మత ఉండే అవకాశం ఎక్కువ. ప్రశ్నలను మేం నోటితో తెలుగులో చదివి వినిపించాం. కాబట్టి అంకెను రఘు సొంత పాత అంకెతోనే పోల్చాం. మొదటి స్కోరు 146. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో 13, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 15.

దాన్ని నిలబెడుతున్నది ఏది

మెదడు మట్టుకు చూస్తే, భావోద్వేగ కేంద్రాల మీద నుదుటి వెనక ఉండే ప్రిఫ్రంటల్ భాగం ఎక్కువ బ్రేకు వేస్తోందన్నది 1998లో పరిశోధకులు సియెర్రా, బెరియోస్ ప్రతిపాదించిన నమూనా. అసహ్యం పుట్టించే బొమ్మలు చూపించినప్పుడు వీళ్లలో ఇన్సులా అనే మెదడు భాగం తక్కువగా స్పందించిందని లండన్ బృందం 2001లో చూపించింది. రఘుకు ఇదంతా అక్కర్లేదు. అతనికి కావాల్సింది ‘మెదడు కాలిపోలేదు, బ్రేకు పడింది’ అన్న ఒక్క ముక్క.

ఆ ముక్క చెప్పడంలో మొదట తప్పటడుగు వేశాం. ఇంట్లో ఎంసీబీ ట్రిప్ అయినట్టు, లోడు ఎక్కువై కరెంటు దానంతటదే ఆగిందని చెప్పాం. వారం తర్వాత వచ్చి "మరి ఆ స్విచ్ ఎక్కడుంది మేడమ్?" అన్నాడు. వారమంతా దాన్నే వెతికాడు. స్విచ్ ఉన్న ఏ పోలికైనా ఈ జబ్బులో ఎదురుతిరుగుతుంది. రెండో పోలిక నిలిచింది. బైక్ మీంచి పడ్డవాడు లేచి, బండి నిలబెట్టి, ఇంటికి నడుపుకుంటూ వచ్చేస్తాడు. మోకాలి రక్తం ఇంటికొచ్చాకే చూసుకుంటాడు. అంతసేపూ నొప్పి తెలియలేదంటే నరాలు తెగిపోయాయని కాదు. ఒళ్లు దాన్ని కాసేపు పక్కన పెట్టింది, కుదుటపడ్డాక తెచ్చి ముందు పెడుతుంది.

మరి రఘు విషయంలో ‘కాసేపు’ ఎందుకు అయిపోలేదు? కాగితం మీద అతని చేతే గీయించిన చక్రం ఇది: వింతగా అనిపించింది, ‘మెదడు పాడైంది’ అనుకున్నాడు, భయం వేసింది, పోయిందా ఉందా అని చూసుకున్నాడు, చూసుకుంటే ఉంది, భయం పెరిగింది, భయం వల్ల వింతదనం పెరిగింది. సైకాలజిస్టు ఎలైన్ హంటర్ బృందం 2003లో ప్రచురించిన సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) నమూనా సారం కూడా దాదాపు ఇదే. ఇందులో చికిత్సకు చేయి పెట్టే చోటు ‘చూసుకోవడం’. అది చెయ్యకపోతే మిగతావన్నీ పై పూతలే.

ఎన్నిసార్లు చూసుకుంటున్నాడో లెక్కపెట్టడానికి వేలికి తొడుక్కునే జపం కౌంటర్ ఇచ్చాం. అద్దం, అరచేయి, తనను తాను పేరు పెట్టి పిలుచుకోవడం, గిల్లుకోవడం, దూరంగా ఉన్న బిల్డింగ్ చదునుగా ఉందా లోతుగా ఉందా అని చూడటం, పాత పాట పెట్టి ‘ఏమైనా కదిలిందా’ అని వినడం, అమ్మను "నేను మారిపోయానా?" అని అడగడం, రాత్రి రెండింటికి నెట్‌లో వెతకడం, అన్నిటికీ ఒక నొక్కు. మొదటి రోజు 112. "నేనెప్పుడూ చెక్ చేసుకోను మేడమ్" అని సెషన్‌లో చెప్పిన మనిషి అతనే.

కౌంటర్‌ను మూడు రోజులకే వెనక్కి తీసుకున్నాం. నాలుగో రోజు ఉంచితే లెక్కే కొత్త చెకింగ్ అవుతుంది. కొలవడానికి ఇచ్చిన ప్రతిదానికీ ఈ జబ్బులో గడువు పెట్టాలి.

సెషన్లు

ఒక్కోటి 50 నిమిషాలు. పన్నెండు వారానికొకటి, చివరి నాలుగు పదిహేను రోజులకొకటి.

మూడో వారంలో గంట గంటకూ 0 నుంచి 10 మార్కు వేసే డైరీ ఇచ్చాం, ఏడు రోజులే. "24 గంటలూ ఒకేలా ఉంటుంది" అన్నది అతని గట్టి నమ్మకం. డైరీ చూస్తే క్రికెట్‌లో అంపైరింగ్ చేసిన సాయంత్రం 2, మెస్సులో 4, ట్యూబ్‌లైట్ల ల్యాబులో 8, రాత్రి ఫోన్ స్క్రోల్ చేస్తూ 9. అంపైరింగ్ అప్పుడు 2 ఎందుకుంది? బంతి మీద కన్ను పెట్టినవాడికి తన మీద పెట్టడానికి కన్ను మిగల్లేదు. ఈ ఒక్క అంకె మా ఉపన్యాసాలన్నిటికంటే ఎక్కువ పని చేసింది. ట్రిగ్గర్లూ బయటపడ్డాయి: నాలుగున్నర గంటల నిద్ర, ఉదయం టిఫిన్ మానేసి ఎనర్జీ డ్రింక్, సూపర్‌మార్కెట్ వెలుగు, గంటల తరబడి మొబైల్ గేమ్. నిద్రకు వేళ కట్టడం, మధ్యాహ్నం దాటాక కెఫీన్ లేకుండా చేయడం ఆ వారంలోనే మొదలు. పది రోజుల్లో నిద్ర ఆరున్నర గంటలకు వచ్చింది. స్కోరు పెద్దగా కదల్లేదు కానీ ఆ తర్వాతి పనికి ఓపిక వచ్చింది.

ఐదు నుంచి ఏడు సెషన్లు ప్రయోగాలకు. ముందు జోస్యం కాగితం మీద రాయించాలి. రఘు రాసింది: "8 దాటితే స్పృహ తప్పుతా, ఆ రోజంతా దిగదు. నమ్మకం 85 శాతం." తర్వాత కావాలనే పెంచాం. గోడ మీద చుక్కను రెప్పవేయకుండా మూడు నిమిషాలు చూడటం. అద్దంలో తన కళ్లలోకే మూడు నిమిషాలు చూడటం. తన పేరును నిమిషం పాటు ఆపకుండా పలకడం. నిమిషం వేగంగా ఊపిరి తీయడం. అద్దం దగ్గర 5 నుంచి 8.5కు ఎక్కింది. రఘు ముఖం పాలిపోయింది. అక్కడ మేం చేసింది ఓదార్చడం కాదు. నిన్నటి మ్యాచ్‌లో అతను ఇచ్చిన ఎల్‌బీడబ్ల్యూ సరైనదేనా అని వాదన పెట్టుకున్నాం. బ్యాట్స్‌మన్ కాలు ఎక్కడుంది, బంతి ఎక్కడ పడింది అని కాగితం మీద గీసి మరీ వాదించాడు. ఆరు నిమిషాల తర్వాత అడిగితే 4. నమ్మకం 40 శాతానికి దిగింది. మూడు సెషన్ల తర్వాత 10 శాతం.

ఈ ప్రయోగాలు అందరికీ కావు. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం ఉంటే వేగపు ఊపిరి వద్దు. బాల్యంలో హింస అనుభవించి, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తెలివి తప్పినట్టు ఎటో వెళ్లిపోయే వాళ్లకు అద్దం ప్రయోగం మొదట్లోనే పెడితే చేటు. వాళ్లకు ముందు నిలకడ, తర్వాతే పరీక్ష.

దృష్టిని బయటికి తిప్పే సాధన ఇంట్లో రోజుకు రెండుసార్లు, 12 నిమిషాలు. సైకాలజిస్టు ఏడ్రియన్ వెల్స్ రూపొందించిన పద్ధతిని హాస్టల్ శబ్దాలకు అమర్చాం. ఐదు నిమిషాలు ఒక్కో శబ్దాన్నే వినాలి: సీలింగ్ ఫ్యాను, మెస్సులో గిన్నెల చప్పుడు, రోడ్డు మీద ఆటో, పక్క గది మాటలు. తర్వాతి ఐదు నిమిషాలు ఒకదాని నుంచి ఒకదానికి గబగబా మారాలి. చివరి రెండు నిమిషాలు అన్నీ ఒకేసారి. కళ్లు తెరిచే ఉంచాలి. లక్షణం బాగా ఉన్నప్పుడు తప్పించుకోవడానికి దీన్ని వాడకూడదు. రఘు సరిగ్గా అదే చేశాడు. ‘చేశాను, తగ్గలేదు’ అని ఆరో సెషన్‌లో కోప్పడ్డాడు. ఇది మాత్ర కాదు, జిమ్ లాంటిదని, తగ్గిందా అని చూడటమే నిషేధమని మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. చల్లటి నీళ్లు ముఖాన కొట్టుకోవడం, చుట్టూ ఉన్న ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం వంటి చిట్కాలదీ అదే గతి. పానిక్ వచ్చిన నిమిషంలో అవి పనికొస్తాయి. రోజుకు ముప్పైసార్లు చేస్తే అవే చెకింగ్.

ధ్యానం సంగతి విడిగా చెప్పాలి. బాబాయి మాట విని రఘు పది రోజుల మౌన శిబిరానికి వెళ్లి మూడో రోజే తిరిగొచ్చేశాడు. లోపలికి చూడటమే జబ్బైన వాడిని పగలంతా లోపలికే చూడమంటే ఏమవుతుంది? పైగా టీవీ ప్రవచనాల్లో ‘నువ్వు దేహం కాదు, సాక్షివి, జగత్తు మిథ్య’ అని విన్నవాళ్లు ఇంట్లో ఉంటే, పిల్లాడికి వైరాగ్యం వచ్చిందని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. మేం వేదాంతంతో తగువు పెట్టుకోం. బాబాయికి చెప్పింది ఇంతే: సాక్షిభావం కోరి, ఏళ్లు కష్టపడి తెచ్చుకునేది. అందులో భయం పోతుంది, ప్రేమ పోదు. మీవాడికి అడక్కుండా వచ్చింది, ప్రేమ కనబడకుండా పోయింది, భయం ఒక్కటే మిగిలింది. ఆయన తల ఊపాడు. ధ్యానం ఇప్పటికి ఆపి, సాయంత్రం గుడిలో భజనకు తాళం వేయమన్నాం. చేతికి, చెవికి పని ఉంటుంది.

రాత్రి రెండింటి ప్రశ్నలు మరో మూల. ‘నేనెవర్ని? మిగతా వాళ్లకు నిజంగా మనసుందా?’ వీటికి జవాబు చెప్పే పొరపాటు చెయ్యకూడదు. చెబితే రేపు దాని మీద ఇంకో ప్రశ్న వస్తుంది. సాయంత్రం ఆరున్నరకు ఇరవై నిమిషాలు ఆ ప్రశ్నలకే కేటాయించాం. మిగతా వేళ వస్తే ఒక చీటీ మీద రెండు మాటలు రాసి ఆరున్నరకు వాయిదా. మూడో వారానికి ఆరున్నరకు కూర్చుంటే "ఏమీ తోచట్లేదు, బోర్ కొడుతోంది" అన్నాడు.

అమ్మ ఫోన్

ఎనిమిదో సెషన్ నుంచి మానేసినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టించాం. బండి నడపడం, ల్యాబ్, పెళ్లి భోజనాలు. అన్నిటికంటే కష్టమైంది అమ్మకు ఫోన్. ‘నేను మారిపోయానా?’ అని అడగడానికి తప్ప, మామూలుగా మాట్లాడటం నాలుగు నెలలుగా మానేశాడు. "మాట్లాడితే ఏమీ అనిపించదు. అనిపించకుండా అమ్మా అనడం మోసం కదా." అమ్మమ్మ చావు దగ్గర ఏడుపు రాకపోవడం ఇక్కడికి లాగింది. తనకు మనసే లేదని, తానో రాక్షసుడినని లోపల తీర్పు చెప్పేసుకున్నాడు. మనసు లేనివాడు ఏడుపు రాలేదని ఏడాదిపాటు కుమిలిపోడు. ఆ వైరుధ్యాన్ని అతని ముందు పెట్టి కాసేపు మాట్లాడకుండా ఊరుకున్నాం.

నియమం: ప్రేమ అనిపించాక ఫోన్ కాదు. రాత్రి ఎనిమిదికి ఐదు నిమిషాలు, అనిపించినా లేకున్నా. మాటల్లో వంట, పొలం, పక్కింటి సంగతులు ఉండొచ్చు. "నేను మారిపోయానా?" అన్న ప్రశ్న ఉండకూడదు. తల్లికి వేరే సెషన్ పెట్టాం. ఆమె ప్రతిసారీ "నీకేం కాలేదురా, బంగారంలా ఉన్నావు" అంటోంది. ఆ ఓదార్పు పది నిమిషాలు పని చేసి, పదకొండో నిమిషంలో మళ్లీ ఫోన్ చేయిస్తోంది. బదులుగా "సరే నాన్నా, తిన్నావా?" అనమన్నాం. మొదటి వారం ఆమెకు ప్రాణం మీదికొచ్చింది. కొడుకు బాధపడుతుంటే కూర సంగతి అడగడం ఏ తల్లికైనా కష్టమే.

మందులు

ఈ రుగ్మతకంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు. డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్‌ను ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చిన 2004 ట్రయల్‌లో తేడా తేలలేదు. అయినా తోడున్న పానిక్‌కు, డిప్రెషన్‌కు మందు కావాలి. మా సైకియాట్రిస్టు రిస్పెరిడోన్‌ను 1 మి.గ్రా.కు తగ్గించి రెండు వారాల తర్వాత ఆపారు. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే సెర్ట్రలిన్ 25 మి.గ్రా. వారం, తర్వాత 50. ఐదో వారంలో 100 చేశారు. ఆందోళన తగ్గింది, కానీ "మళ్లీ దూది పెట్టినట్టుంది" అన్నాడు. ఈ మందులు కొందరిలో భావాలను మొద్దుబారుస్తాయి. ఈ జబ్బులో దాన్ని జబ్బు ముదరడంగా పొరబడి డోసు పెంచేస్తే చిక్కు. తొమ్మిదో వారంలో 50కి దించితే పది రోజుల్లో ఆ దూది పోయింది.

మూర్ఛకు వాడే లామోట్రిజిన్ జోడించే ఆలోచన వచ్చింది. మొదట్లో జరిగిన చిన్న ట్రయల్ ఫలితం ఇవ్వలేదు, తర్వాతి కొన్ని అధ్యయనాల్లో మేలు కనిపించింది. పెట్టాలంటే 25 మి.గ్రా. రెండు వారాలు, 50 రెండు వారాలు, అలా మెల్లగానే ఎక్కించాలి. ఒంటి మీద దద్దురు, జ్వరం, నోటిపూత వస్తే అదే రోజు ఆపి చూపించాలి. మరో మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే డోసు సగానికి తగ్గించాలి. ఐదు రోజులకు మించి మానేస్తే మళ్లీ 25 నుంచే. హాస్టల్లో ఉండి సెర్ట్రలినే వారానికి రెండుసార్లు మరిచిపోతున్న కుర్రాడికి ఇది ఇవ్వడం సాహసం అనిపించి ఆపేశాం. ఆందోళన తగ్గించే మాత్ర క్లోనజెపామ్ అడిగాడు, ఇవ్వలేదు.

పడిపోయిన వారం

పదో వారంలో సెమిస్టర్ పరీక్షలు. మూడు రాత్రులు నిద్ర లేదు. అప్పుడే రూమ్మేట్ గదిలో గంజాయి వెలిగించాడు. రఘు తాగలేదు, వాసనకే మొదటి రాత్రి అంతా కళ్ల ముందు తిరిగింది. మరుసటి పొద్దున 9, అద్దం, నెట్, మళ్లీ ఎంఆర్‌ఐ కావాలన్న ఫోను. "మొదటికొచ్చేశా మేడమ్."

మొదటికి రాలేదని వాదించకుండా పాత డైరీ పక్కన పెట్టి చూపించాం. నిద్ర మూడు గంటలు, టిఫిన్ లేదు, డ్రింకులు నాలుగు. దీనికి 9 రాకపోతేనే వింత. నాలుగు రోజుల్లో 5కు దిగింది. గది మార్పించడానికి వార్డెన్‌తో మాట్లాడాలన్నప్పుడు, గంజాయి సంగతి బయటపడితే కేసవుతుందేమోనని భయపడ్డాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం అతని వివరాల గోప్యత అతని హక్కు అని, కాలేజీకి జబ్బు పేరు కూడా చెప్పనక్కర్లేదని వివరించాం. ఉత్తరంలో ‘నిద్ర సమస్యకు చికిత్స పొందుతున్నాడు, నిశ్శబ్దంగా ఉండే గది కావాలి’ అని మాత్రమే రాశాం.

ఫలితం

కేంబ్రిడ్జ్ స్కేల్ 146 నుంచి ఎనిమిదో సెషన్‌కు 101, పదహారో దానికి 63, ఆరు నెలల తర్వాత 41. పీహెచ్‌క్యూ-9లో 5, జీఏడీ-7లో 6. సున్నా కాలేదు. ట్యూబ్‌లైట్ల ల్యాబులో, జ్వరం వచ్చినప్పుడు ఇంకా వస్తుంది. హంటర్ బృందం 2005లో 21 మందికి సీబీటీ ఇచ్చినప్పుడు, చివరికి రుగ్మత నిర్ధారణ నుంచి పూర్తిగా బయటపడ్డది మూడో వంతుకన్నా తక్కువే, మిగిలిన వాళ్లలో చాలామందికి తీవ్రత తగ్గింది. పోల్చడానికి కంట్రోల్ గ్రూపు లేని చిన్న అధ్యయనం అది. అయినా మొదటి సెషన్‌లోనే ‘పూర్తిగా పోతుంది’ అని మాటిచ్చే డాక్టర్లకు ఆ అంకె గుర్తుండాలి.

భావాలు తిరిగొచ్చే వరస కుటుంబానికి ముందే చెప్పడం మంచిది. సంతోషం ముందు రాదు. రఘుకు మొదట వచ్చింది కోపం. పదమూడో వారంలో మెస్సులో నీళ్ల పప్పు చూసి గరిటె విసిరికొట్టి అరిచాడు. తండ్రి కంగారుపడి ‘పిచ్చి ముదిరింది’ అని ఫోన్ చేశాడు. మాకది ఆ నెలలోకెల్లా మంచి కబురు. ఏడుపు అమ్మమ్మ సంవత్సరీకం రోజున వచ్చింది, అదీ పిండాల దగ్గర కాదు. సాయంత్రం ఆవిడ పాత మందుల డబ్బా సర్దుతుంటే వచ్చింది.

ఆరు నెలల ఫాలోఅప్‌లో "ఇవాళ పొద్దున ఎలా ఉంది?" అని అడిగితే కాసేపు ఆలోచించి "చూసుకోలేదు మేడమ్" అన్నాడు. సెర్ట్రలిన్ 50 ఇంకో మూడు నెలలు కొనసాగుతుంది. ఆపడం మాత్రం పరీక్షలకు ముందు కాదు, సెలవుల్లో, ఇంట్లో ఉండగా, నాలుగు వారాలు 25 వేసుకున్నాకే.